ఏ పాము పోయిందో చెప్పని మాట

మా బడిలో నేను చెప్పే ఇంగ్లీషు పాఠాల్లో ఒకచోట స్లిదర్ అనే మాట వస్తుంది. కాళ్ళు లేకుండా, ఒళ్ళు అటూ ఇటూ వంపులు తిప్పుకుంటూ, నేలకు ఆనుకుని సాగిపోవడం దాని అర్థం. క్రాల్ అన్నా పాకడమే గానీ, అది పసిపిల్లకూ చెల్లుతుంది, బల్లికీ చెల్లుతుంది. స్లిదర్ మాత్రం ముందు పాముది. కాలు నిలవని చోట మనిషి సర్రున జారిపోయినా ఆ మాటే వాడతారు. దానికి ఉదాహరణ కోసం మా మార్కాపురం వైపు వాళ్ళు వెతుక్కోనక్కర్లేదు. పలకల గనుల దగ్గర పారబోసిన రాతిముక్కల గుట్టలు ఎక్కి, మోకాళ్ళు చెక్కుకుపోయిన పిల్లలు తరగతిలో సగం మంది ఉంటారు.

నాయనకు ఈ మాట చెప్పింది నేనే. ఒక సాయంత్రం నేను నోటు పుస్తకాలు దిద్దుతుంటే ఆయన పక్కనే కూర్చుని తాడు పేనుతున్నాడు.

"ఏం రాసినారు పిల్లోళ్ళు?" అని అడిగాడు.

"పాము పోయేదాన్ని ఇంగ్లీషులో ఏమంటారో రాసినారు నాయనా. స్లిదర్ అంటారు."

"ఏ పాము?"

"ఏ పామైనా అంతే."

"అదేం మాటరా! నాగు పోయేది ఒక తీరు, జెర్రిపోతు పోయేది ఒక తీరు. రక్తపింజరి ఇంకో తీరు. అన్నిటికీ ఒకటే మాట పెట్టినోడు పామును ఎప్పుడన్నా చూసినాడంటావా?"

నాకు నవ్వూ వచ్చింది, కొంచెం ఒళ్ళూ మండింది. కానీ ఆయనకు ఆ మాట అనే హక్కుంది. పుట్టినప్పటి నుంచీ గొర్రెలతోనే బతికిన మనిషి. పొద్దు గూకేముందు దొడ్డి ముందర ఊడ్చి, జల్లెడ పట్టిన బూడిద పలచగా చల్లుతాడు. తెల్లారి లేవగానే ముఖం కూడా కడుక్కోకుండా పోయి దాన్ని చూస్తాడు. కర్ర ఈడ్చినట్టు సాపుగా, లావుగా చార ఉంటే రక్తపింజరి. పెద్ద పెద్ద వంకలు దూరందూరంగా ఉంటే జెర్రిపోతు. వంకలు చిన్నవై దగ్గర పడితే నాగు. ఊళ్ళో ఎవరింట్లో చార కనపడినా ముందు మా నాయన కోసమే వచ్చేవాళ్ళు. ఆయన చూసి, "జెర్రిపోతులే, ఎలకల కోసం వచ్చింటది, దాని దారిన పోనీ," అంటే ఆ ఇంటివాళ్ళు నిశ్చింతగా పనుల్లోకి పోయేవాళ్ళు.

ఆ ఏడు ఎండాకాలం అన్న మందను తోలుకుని అడివి అంచుకు మేపుకు పోయాడు. నడవలేని గొర్రెపిల్లలు మాత్రం ఇంటి దగ్గర, దొడ్డి ముందర గంపల కింద ఉన్నాయి. ఒకరోజు ఇంకా ఎండ రాకముందే వదిన వాటికి పాలు పట్టడానికి పోయి గంప అంచు కింద చెయ్యి పెట్టింది. అరుపు విని నేను పరిగెత్తాను. చిటికెన వేలి మీద రెండు చుక్కలు, కొంచెం నెత్తురు.

నాయన వేలి కంటే ముందు బూడిదను చూశాడు. గంప పక్క నుంచి కంచె దాకా చార ఉంది. వంగి, నడిచి, కంచె దాకా పోయి వెనక్కి వచ్చాడు.

"జెర్రిపోతు. అప్పుడే కంచె దాటిపోయింది. ఇసం లేదు. పసుపు పెట్టుకోమ్మా," అన్నాడు.

"ఆసుపత్రికి పోదాం నాయనా," అన్నాను.

"చార చెప్తాంటే నీకు ఆసుపత్రోళ్ళు చెప్పాల్నా?"

నేను మళ్ళీ అడగలేదు. వదిన పసుపు పెట్టుకుంది. టీ కూడా పెట్టి మాకు ఇచ్చింది. నేను తాగాను. ఇంత చదువుకుని, బడిలో పిల్లలకు పాము కరిస్తే ఏం చెయ్యాలో గోడ మీద రాయించినవాణ్ణి, ఆ అరగంట అట్లా కూర్చున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"అబ్బాయ్, గ్లాసులు రెండు రెండు కనపడతా ఉండాయి," అంది వదిన. అప్పటికే ఆమె కనురెప్పలు సగం వాలిపోయాయి.

బండి తీశాను. పక్కింటి అత్త వదినను మధ్యలో కూర్చోబెట్టుకుని వెనక ఎక్కింది. మార్కాపురం దాకా ఆమె ప్రార్థన ఆపలేదు, ప్రార్థన మధ్యలో నా డ్రైవింగును తిట్టడమూ ఆపలేదు. సగం దారిలో వదిన మాట ముద్దగా అయింది, ఆ తర్వాత మాటే లేదు. నా వీపు మీద వాలిన ఆమె తల బరువు ఒకటే తెలుస్తూ ఉండింది. నాకప్పుడు నాయన మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆయన ఎదురుగా ఉంటే ఏమనేవాణ్ణో నాకే తెలియదు.

ఆసుపత్రిలో మందు ఎక్కించారు, ఊపిరికి గొట్టం వేశారు. నాయన మధ్యాహ్నం బస్సులో వచ్చి గేటు దగ్గరే నిలబడ్డాడు.

"గంప ఎత్తి చూసినా," అన్నాడు. "లోపల నాగుపిల్ల ఉండాది. చార జెర్రిపోతుదే. కరిచింది అది కాదు."

చారను చదవడంలో ఆయన తప్పు చెయ్యలేదు. బూడిద చల్లకముందే గంప కిందికి దూరిన ఇంకో పాము బయటికే రాలేదని, అందుకే బూడిదలో దాని జాడ లేదని ఆయనకు తట్టలేదు. కోపంతో దగ్గరికి పోయినవాణ్ణి, ఆయన కాళ్ళకు చెప్పులు లేకపోవడం చూసి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాను.

వదిన బతికింది. చిటికెన వేలి కొస పోయింది. ఇప్పుడు గొర్రెపిల్లలకు పాలు పట్టేటప్పుడు సీసాను నాలుగు వేళ్ళతోనే పట్టుకుంటుంది. నాయనను ఒక్కమాట అనలేదు. అని ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేదేమో.

మొన్న వాన పడకముందు పక్కింటి అత్త వచ్చింది. "అన్నా, మా వాకిట్లో పాము చార ఉంది. పిల్లోళ్ళు ఆడుకునే చోటు. ఒకసారి వచ్చి చూడు," అంది. నాయన లేచాడు. నేనూ వెంట పోయాను. ఆయన చార దగ్గర వంగి, ఎప్పటిలాగే కంచె దాకా నడిచి వెనక్కి వచ్చాడు.

"ఏంది అన్నా, జెర్రిపోతేనా?" అని అడిగింది అత్త.

"స్లిదర్," అన్నాడు నాయన.

"అంటే?"

"పాము పోయిందని. ఏ పామో తెలీదని. ఎవరికన్నా ముట్టిందంటే నా కోసం రావాకండి, సీదా ఆసుపత్రికి పోండి."

ఆయన ఇంటికి వెళ్ళిపోయాడు. నేను వంగి చూశాను. దుమ్ములో వంకలు పెద్దవిగా, దూరందూరంగా ఉన్నాయి. అది జెర్రిపోతుదని నాకే తెలిసిపోయింది.