పడవ అంతకుముందు ఎక్కడుంది?

మీరిప్పుడు ఎక్కడున్నారో షుకూర్ భాయ్‌కి అక్కర్లేదు. అంతకుముందు ఎక్కడున్నారో కావాలి.

భద్రాచలంలో మా మత్స్యకారుల సొసైటీకి పడవల సాఫ్ట్‌వేర్ రాసేది ఆయనే. పక్క టేబుల్ నాది. పొద్దున నేను లోపల కాలు పెట్టగానే మొదలు.

"ఏడికెల్లి వస్తున్నరు హేమలత మేడం?"

"ఇంటికెల్లి."

"సీదా ఇంటికెల్లేనా? మరి సంచిల కొత్తిమీర ఏంది?"

పెళ్లిచూపుల్లో ఫజిలత్ వదిననూ వదల్లేదట. "ఈ అర్రలకు వచ్చే ముందు ఏడున్నవ్?" అన్నాడట. "వంటింట్ల. మీరు తింటున్న సమోసాలు చేస్తున్న" అందట ఆమె. ఆ జవాబుకే నిఖా ఖాయమైందని సొసైటీలో చెప్పుకుంటారు.

ఈ పిచ్చికి కారణం లేకపోలేదు. పడవ బయల్దేరిన చోటును పడవవాళ్ల ఫోనే పట్టుకుంటుంది. ఆగినచోట మాత్రం మనిషి బటన్ నొక్కాలి. తడి చేతులతో ఎవరు నొక్కుతారు? ట్రిప్పు లెక్కలో ‘ఆగిన చోటు’ గడి ఖాళీగా ఉంటే పాత ప్రోగ్రాం సొంత రేవు పేరు వేసేసేది. దాని లెక్కన మా పడవలన్నీ బుద్ధిగా ఇంటికొచ్చి పడుకునేవి. షుకూర్ భాయ్ దాన్ని పీకేశాడు. "ఇయ్యాల ఏడికెల్లి కదిలిందో, నిన్న ఆడనే ఆగినట్టు గదా!" అంటూ తర్వాతి ట్రిప్పు చూసి గడి నింపేలా రాశాడు. ఆ సంతోషంలో అందరికీ చాయ్ పోయించాడు.

పోయిన వేసవిలో ఒక సోమవారం రాత్రి పెద్ద గాలివాన. తెల్లారి మా సొసైటీ సభ్యుడు పగిడయ్య భార్య సమ్మక్క ఏడ్చుకుంటూ ఆఫీసుకొచ్చింది. సోమవారం వస్తే గోదావరి లంక దగ్గర వలేసి అక్కడే పడుకుంటానని చెప్పి పోతాడు పగిడయ్య. మనవాళ్లు లంకంతా వెతికారు. మనిషీ లేడు, పడవా లేదు, ఫోనూ మోగడం లేదు.

షుకూర్ భాయ్ స్క్రీన్ చూసి గొంతు సవరించుకున్నాడు. "అక్కా, మంగళారం మంగళారం ఆ పడవ లంక కాడికెల్లి కదుల్తలేదు. అవతలి ఒడ్డుకెల్లి కదుల్తున్నది. మీ భార్గవి ఉండే ఊరికెల్లి."

సమ్మక్క ఏడుపు టక్కున ఆగింది. భార్గవి ఆమె ఒక్కగానొక్క కూతురు. ఇష్టపడ్డవాణ్ణి చేసుకుందని రెండేళ్లుగా తల్లి మాట్లాడదు. మొగుణ్ణీ ఆ గడప తొక్కనివ్వలేదు.

"ఎప్పటి సంది?"

"ఏడాది సంది."

"తెల్సి గూడ నాకు చెప్పలే?"

"పడవ ఏడికి పోయిందో చూసుడు నా పని. ఎందుకు పోయిందో నాకేమెరుక?" అంటూ తన ఫోన్ ఆమె ముందుకు జరిపాడు. "అడుగుదామంటే మీ బిడ్డ నంబర్ నా దగ్గర లేదక్కా."

పచ్చి అబద్ధం! స్క్రీన్ మీది పగిడయ్య సభ్యత్వ ఫారంలో ఆ నంబర్ నా కుర్చీలోంచి కూడా కనిపిస్తోంది. చెప్పబోయాను. టేబుల్ కింద నా కాలు తొక్కాడు.

సమ్మక్క ఫోన్ అందుకుంది. ఎక్కడా తడుముకోకుండా పది అంకెలూ నొక్కింది.

"నేనే," అంది. అవతల ఏం విందో, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మీ నాయిన ఆడనే ఉన్నడా? పైలమేనా?... పండిండా? లేపకు, పండనీ."

ఇక పెట్టేస్తుందనుకున్నాం. ఆమె నా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వెట్లున్నవే?"

షుకూర్ భాయ్ సైగ చేసి నన్ను బయటికి తీసుకుపోయాడు. గంటసేపు ఆయనకు ఫోన్ దొరకలేదు, నాకు కుర్చీ దొరకలేదు.