నాకు తెలుగు నేర్పిన ఓబులేసు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెబితే నవ్వుతారు. నవ్వండి, నేనూ చాలాసార్లు నవ్వుకున్నాను. నవ్వడం అయిపోయాక అది మళ్లీ వచ్చి గుండె మీద కూర్చుంటుంది. నేను హత్య చేయలేదు, దొంగతనం చేయలేదు. నాకు తెలుగు రాదని చెప్పాను, అంతే. సోమందేపల్లిలో పుట్టి, పెనుకొండలో ఇంటర్ దాకా తెలుగులోనే చదివి, తెలుగు రాదని చెప్పాను. అక్కడితో ఆగి ఉంటే మీకు ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండులో కోవెంట్రీ అనే ఊరికి వెళ్లాను. కన్సల్టెన్సీ వాళ్లు కుదిర్చిన ఇంట్లో ముగ్గురు కోస్తా కుర్రాళ్లు అప్పటికే ఉన్నారు. నా పేరు తప్ప నా గురించి వాళ్లకేమీ తెలియదు. రెండు బస్సులు తప్పెక్కి, వర్షంలో తడిసి, చక్రం ఊడిన సూట్‌కేసు ఈడ్చుకుంటూ వెళ్లి తలుపు కొట్టాను. తలుపు తీసినవాడితో నేనన్న మొదటి మాట, "బాత్రూమ్ యాడుండాదన్నా?" విమానం దిగిన దగ్గర్నుంచీ ఆపుకుని వచ్చినవాడు భాష చూసుకుంటాడా?

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. ఒకడు మీసం మెలేశాడు, ఇంకొకడు తొడగొట్టాడు. సుమోలు ఎన్ని తెచ్చావు, బాంబులు సూట్‌కేసులో ఉన్నాయా అని అడిగారు. నేను కాళ్లు మెలిపెట్టుకుని నిలబడ్డాను. చివరికి దారి చూపించారు. ఆ బాత్రూములోకి సోమందేపల్లివాడిగా వెళ్లాను, బెంగళూరువాడిగా బయటికి వచ్చాను.

మాది బెంగళూరు, మాతృభాష కన్నడం, కాలేజీలో అనంతపురం వైపు స్నేహితుల దగ్గర నాలుగు తెలుగు ముక్కలు పట్టుకున్నాను అని ఇంగ్లీషులో చెప్పేశాను. ఇంజనీరింగ్ బెంగళూరులో చేశాను కాబట్టి కన్నడానికి లోటు లేదు. వాళ్లు వెంటనే నమ్మారు. సారీ చెప్పారు. పైగా, బయటివాడై ఉండి ఎంత బాగా మాట్లాడాడో అని మెచ్చుకున్నారు. అదే వాక్యం, అదే నోరు. మా ఊరివాడు అంటే నవ్వులాట, పరాయివాడు అంటే ప్రతిభ. ఆ మెప్పు నాకు బాగుందని ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అబద్ధంతో కాపురం తేలిక కాదు. నాయన ఫోన్ చేస్తే కోటు తగిలించుకుని బస్టాపు దాకా పరుగెత్తేవాణ్ని. ఇంత చలిలో రోడ్డు మీద ఏం చేస్తాండావని ఆయన, వాకింగ్ అని నేను. ఇంట్లో వాళ్లు తెలుగులో జోకు వేస్తే కడుపులో నవ్వు తిరుగుతున్నా మొహం మొద్దులా పెట్టుకుని, ఎవరో ఒకరు ఇంగ్లీషులో చెప్పేదాకా ఆగి, అప్పుడు నవ్వాలి. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ జోకు చచ్చిపోయేది. అయినా నవ్వేవాణ్ని. నా చేతులారా చేసుకున్నది మరి.

జనవరిలో ఆ ఇంటికి ఓబులేసు వచ్చాడు. ఇక్కడ అతని పేరు మార్చి రాస్తున్నాను, ఊరు మార్చలేదు. కనగానపల్లి. అతనూ నాలాగే నోరు తెరిచాడు, వాళ్లూ అలాగే తొడగొట్టారు. తేడా ఏమిటంటే అతను వాళ్లతో కలిసి నవ్వి, మా ఊళ్లో బాంబులు లేవు, చెనక్కాయలుండాయి అని చెప్పి, సంచిలోంచి వేరుశనక్కాయలు తీసి తలా గుప్పెడు పెట్టాడు. అంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు? నా సూట్‌కేసులోనూ చెనక్కాయలు ఉన్నాయి కదా.

నేను కన్నడంవాణ్నని తెలిసి ఓబులేసు నా మీద జాలిపడ్డాడు. నలుగురు తెలుగువాళ్ల మధ్య నోరులేనివాడిలా ఎట్లా బతుకుతాండావప్పా అని తెగ బాధపడిపోయి, మర్నాటి నుంచే నాకు తెలుగు నేర్పడం మొదలుపెట్టాడు.

రోజూ సాయంత్రం వంటింట్లో, కుక్కర్‌లో బియ్యం పెట్టగానే పాఠం. గరిటె ఎత్తి చూపించి, ఇది గెంటె, అను, అనేవాడు. నేను గెంటె అనేవాణ్ని. మా అమ్మ చేతిలో ఆ గెంటెతోనే దెబ్బలు తిన్న మనిషిని నేను. వచ్చిన భాషలో తప్పులు చేయడం ఎంత కష్టమో ఎవరికీ తెలియదు. పాలు పొంగినాడు అని ఒకరోజు, అన్నం వచ్చినారు అని ఇంకోరోజు, ముందే ఆలోచించి పెట్టుకునేవాణ్ని. అతను ఒక్కసారైనా విసుక్కోలేదు.

ఒకసారి వాళ్లమ్మకు ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. బాగుండారా అమ్మా అని కూడబలుక్కుంటున్నట్టు అన్నాను. ఆమె అటువైపు మురిసిపోయింది. పిల్లోడు చదువుకోను పోయి మేస్ట్రయినాడని ఇరుగుపొరుగుకు చెప్పుకుందట. అప్పటికే నాకు తెలుసు, క్లాసులో ఆ ఇంగ్లీషు అతనికి సగం అందేది కాదు, పనిచేసే గోడౌన్‌లో అతని పేరు పలకలేక వేరే ఏదో పేరు తగిలించారు. రోజు మొత్తం మీద అతనికి తెలిసి, ఎదుటివాడికి తెలియని సంగతి ఉన్న సమయం ఆ గంట ఒక్కటే. ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆ గంట కోసం నేనూ ఎదురుచూసేవాణ్ని. నేర్చుకుంటున్నట్టు నటిస్తూనైనా నా మాట నేను మాట్లాడుకునే చోటు అదొక్కటే.

ఒక సాయంత్రం సింకు నిండా ఎంగిలి గిన్నెలు పడి ఉన్నాయి. ఓబులేసు మామూలుగా అడిగాడు.

"ఈ పొద్దు బోకులు ఎవురు కడగల్లప్పా?"

ముగ్గురిలో పెద్దవాడు, గుంటూరు వైపతను, గయ్యిమని లేచాడు. వాళ్ల వైపు బోకు అంటే పనికిమాలినవాడని తిట్టు. మాకేమో వంటపాత్ర. సంగతి అర్థమయ్యాక నవ్వుల మీద నవ్వులు. అప్పుడా పెద్దవాడు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"బ్రదర్, నువ్వు బయటివాడివి, నీకు పక్షపాతం ఉండదు. బోకులా, గిన్నెలా? ఏది తెలుగో నువ్వు చెప్పు."

ఓబులేసు నా వైపు చూశాడు. స్కూలుకు ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు, లేచి నిలబడ్డ పిల్లవాణ్ని మేస్టారు చూసే చూపు.

"గిన్నెలు," అన్నాను. అని ఊరుకున్నానా? "నాకు కరెక్ట్ తెలుగు నేర్చుకోవాలని ఉంది," అని కూడా అన్నాను.

"అట్లే కానీప్పా," అన్నాడు ఓబులేసు. కొళాయి తిప్పి, అన్నీ తనే కడిగాడు.

ఎందుకన్నాను? దొరికిపోతానని భయమా? ఎవరికీ అనుమానం లేదు. బోకులు అని ఉంటే, గురువు నేర్పింది చెప్పాడనుకునేవారు, అంతే. ఏ ప్రమాదమూ లేనిచోట, ఎవరూ మెడ మీద కత్తి పెట్టకుండా, మా అమ్మ రోజుకు పదిసార్లు అనే మాటను తెలుగు కాదని తీర్పు చెప్పాను. నన్ను పెద్దమనిషిని చేసి అడిగారని ఉబ్బిపోయానేమో. అంతకంటే మంచి కారణం కోసం ఏడేళ్లు వెతికాను, దొరకలేదు.

మర్నాడు పాఠం లేదు. ఆ తర్వాతా లేదు. నెల తిరిగేలోగా ఓబులేసు గిన్నెలు అనడం మొదలుపెట్టాడు. తర్వాత యాడ బదులు ఎక్కడ, ఉండాది బదులు ఉంది, పోతాండా బదులు వెళ్తున్నాను. టీవీలో వార్తలు చదివేవాడిలా తయారయ్యాడు. ముగ్గురూ బాగుపడ్డావని మెచ్చుకున్నారు. ఒకరోజు ఫోన్‌లో వాళ్లమ్మతో కూడా అలాగే మాట్లాడటం విన్నాను. ఆమె రెండుసార్లు ఎవురూ, ఎవురూ అని అడిగింది.

పోయిన నెల పనిమీద ధర్మవరం వెళ్లి, స్టేషన్‌లో బెంగళూరు రైలు కోసం కూర్చున్నాను. ఎదురుగా ఓబులేసు. సెలవు మీద వచ్చాడట, తల్లిని తిరుపతి తీసుకెళ్తున్నాడట. అమ్మా, నేను చెప్పేవాణ్నే, ఆ బెంగళూరు అబ్బాయి ఇతనే అని చూపించాడు. ఆమె దగ్గరికి వచ్చి, అన్నం తింటివా నాయనా అని అడిగింది. నా నోరు నా మాట వినలేదు. యాడ తింటినమ్మా, బండి శానా లేటుండాది అనేశాను.

ఓబులేసు నన్ను కాస్త ఎక్కువసేపే చూశాడు. ఆమె నా చెంపలు నిమిరింది.

"నేర్పిచ్చినోడు మర్చిపోయినాడు నాయనా. నాతో కూడా టీవీ మాదిరి మాట్లాడ్తాడు. నీకైనా ఆ మాట ఉండాది, పోగొట్టుకోవద్దు."

అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే అతనికి మిగిలిన ఆ ఒక్క గొప్ప కూడా పోతుందని ఆగానా, లేక నా పరువు కోసమేనా? వాళ్ల రైలు వచ్చేసింది. ఓబులేసు సామాను ఎక్కించి, లోపలికి వెళ్లి కూర్చున్నాడు. ఆమె మాత్రం కిటికీ దగ్గర కూర్చుని, కనగానపల్లికి తప్పకుండా రమ్మని, బెంగళూరు నుంచి దారి కూడా చెప్పింది.

"నడమ సోమందేపల్లి అని ఒక ఊరొస్తాది. ఆడ దిగద్దు నాయనా, అది కాదు."

"దిగనమ్మా," అన్నాను.