మిషను తీసి పరిగెత్తిన రోజు

నేను ఇంతకుముందు రాయకపోవడానికి కారణం ద్రాక్ష. నా చిన్నప్పుడు మేడ్చల్ చుట్టుపక్కల ఎటు చూసినా ద్రాక్షతోటలే. గుత్తిలో కాయలు చిన్నగా ఉండగానే మధ్య మధ్యలో కొన్నిటిని కత్తిరించి తీసెయ్యాలి. లేకపోతే అవి ఒకదాన్నొకటి ఒత్తుకుని పగిలిపోతాయి. ఆ సందుల్లో పెద్దవాళ్ల వేళ్లు దూరవు, పిల్లల వేళ్లు దూరుతాయి. అందుకని బడికి పోవాల్సిన వయసులో నేను పందిరి కింద మెడ పైకెత్తి నిలబడ్డాను. కంచె అవతలే బడి. పిల్లలు ఎక్కాలు చదువుతుంటే వినబడేవి. ఎక్కాలు వచ్చాయి, అక్షరాలు రాలేదు. తర్వాత తోటలు పోయి గోదాములు వచ్చాయి. నేనూ పందిరి కింది నుంచి రేకుల కిందికి మారి అట్టపెట్టెలకు టేపు వేస్తున్నాను. ఇది సిగ్గుపడుతూ చెప్పడం లేదు. సిగ్గుపడాల్సింది నేను కాదు.

నాకు రాయడం నేర్పింది నా కూతురు. పుట్టినప్పటి నుంచి దానికి వినబడదు. పట్నంలో చెవిటి పిల్లల హాస్టల్ బడిలో వేశాం. సెలవులకు మా ఊరు అత్వెల్లి వచ్చినప్పుడు పలక మీద ఏదో రాసి నా ముందు పెట్టేది. నేను నవ్వి తలూపేదాన్ని. ఒకసారి అలా తలూపితే పలక విసిరికొట్టింది. ‘ఆకలి లేదు, కడుపులో నొప్పి’ అని రాసిందట. నేను తలూపి ఇంకో గరిటె అన్నం పెట్టాను. ఆ సెలవుల్లోనే నన్ను కూర్చోబెట్టి ‘అ’ దిద్దించింది. తప్పు రాస్తే నా చెయ్యి మీద కొట్టేది. టీచర్లు దాన్ని అలాగే కొట్టేవాళ్లేమో.

చదవడం వచ్చాక చర్చిలో నేను మొదట చదివింది గోడ మీది నల్లబోర్డు. దానికి రెండు వైపులు. ఎడమవైపు ప్రార్థన మనవులు, కుడివైపు కృతజ్ఞతలు. ఎడమవైపు మొదటి వరుసలో ‘చెవిటి పాప స్వస్థత కొరకు’ అని ఉంది. బోర్డు రాసేది మా ఆయన అక్క, అంటే మా వదిన. మిగతా వరుసలు వారం వారం మారతాయి, ఇది మాత్రం మారదు. అన్నేళ్లూ దాని ఎదురుగా కూర్చుని ఆమెన్ అన్నాను.

“పేరన్నా రాయి వదినె, చెవిటి పాప అని రాస్తవేంది?” అన్నాను.

“దేవునికి ఎరుకలే ఎవరో. రెండక్షరాలు నేర్సినవో లేదో, నాకే తప్పులు దిద్దవడితివి!” అంది.

వదిన చెడ్డది కాదు. నా కూతురి చెవికి పెట్టే మిషను కోసం సంఘమంతా తిరిగి అడిగింది ఆమే. ఆ మిషను వచ్చాక నేనూ కాపలాదారునయ్యాను. స్నానం కాగానే పెట్టుకోమని, నిద్రపోయేదాకా తియ్యొద్దని వెంటపడేదాన్ని. అందులో దానికి మాటలు వినబడవు. కుక్కరు మోత, లారీ హారన్ వంటివే, ఎక్కడో దూరం నుంచి. తల నొప్పి పుడుతుందని రాసి చూపించేది. అయినా పెట్టుకోమనేదాన్ని.

పరుగు సంగతి నాకు యాప్రాల్‌లో తెలిసింది. అక్కడ బట్టలు కుట్టే ఒక పెద్దాయన ఉన్నాడు, పుట్టుచెవుడు. సాయంత్రం కుట్టుమిషన్ మూసి, చెవిటి పిల్లల చేత పరుగులు తీయిస్తాడు. మా పిల్ల హాస్టల్ వదిలాక ఆయన దగ్గరికి పోతోందని తెలిసి, సంగతేమిటో చూద్దామని వెళ్లాను. ఆయన చేతులతో చెప్పాడు, నా కూతురు పలక మీద రాసింది, నేను కూడబలుక్కుని చదివాను. అలా ముగ్గురం కలిస్తే ఒక కథ అయింది.

ఆయన కుర్రవాడుగా ఉన్నప్పుడు దక్షిణాది రాష్ట్రాల చెవిటివాళ్లు ఒకచోట చేరి ఆటల పోటీలు పెట్టుకున్నారు. జనరల్ బోగీల్లో వచ్చారు. స్టేషన్లో ఎవరి చేతులు గాలిలో కదులుతుంటే వాళ్లు మనవాళ్లని గుర్తుపట్టేవారు. ఒక్కో రాష్ట్రం వాళ్ల సైగలు ఒక్కో తీరు. అన్నానికి ఒకటి, నీళ్లకు ఒకటి నేర్చుకోవడంతోనే మొదటి పూట గడిచింది. ఒక బడివాళ్లు గ్రౌండ్ ఇచ్చి, అందులో సగంలో తామే క్రికెట్ ఆడుకున్నారు. పరుగు మొదలుపెట్టడానికి వచ్చిన ఆఫీసరు పిస్తోలు పేల్చాడు. వరుసలో ఒక్కరూ కదల్లేదు. మళ్లీ పేల్చాడు. క్రమశిక్షణ లేదని తిట్టి కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడు వంట చేస్తున్న ఒకాయన భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి, పైకెత్తి, కిందికి వదిలాడు. అందరూ పరిగెత్తారు.

“ఆడోళ్లకు లేవా?” అని అడిగాను.

మొదట లేవట. మగవాళ్లకు వండిపెట్టడానికి వచ్చిన ఆడవాళ్లు ఒక మధ్యాహ్నం ఎంగిలి గిన్నెలు అలాగే వదిలి, చీరలు దోపుకుని గీత మీద నిలబడ్డారట. తువ్వాలు పడేదాకా అక్కడి నుంచి కదిలేది లేదన్నారట. అందులో ఒకామె తర్వాత ఆయన భార్య అయింది. ఎక్కడో దూరదేశంలో వందేళ్ల కిందటే ఇలాంటి ఆటలు మొదలయ్యాయని, అక్కడా పెట్టుకున్నది చెవిటివాళ్లేనని చెప్పాడు. చివరికి పలక మీద ఒక మాట ఆయనే రాశాడు: ‘ఇవి ఎవరూ మాకు ఇవ్వలేదు.’

ఈసారి ఆ ఆటలు శామీర్‌పేట దాటాక ఒక కాలేజీ గ్రౌండ్‌లో జరిగాయి. మా పిల్ల వంద మీటర్ల పరుగులో ఉంది. శనివారం. సరిగ్గా అదే శనివారం సాయంత్రం మేడ్చల్‌లో స్వస్థత సభ.

“మొదటి ప్రార్థన నీ బిడ్డకే. పాస్టరు అయ్యగారితోని మాట్లాడిన,” అని వదిన వచ్చి చెప్పింది.

“గా రోజు దానికి ఆటలున్నయి వదినె.”

“ఏం ఆటలే?”

“చెవిటోళ్ల ఆటలు. ఐదు రాష్ట్రాలోళ్లు వస్తున్నరు.”

“దేవుడు చెవులిస్తనంటుంటే చెవిటోళ్లల్ల పేరు రాపిస్తవా? బాగువడాల్నని లేదా నీకు?”

“ఎన్నేండ్లాయె ఇస్తనవట్టి! గా లోపల అది ఉర్కద్దా?”

మా ఆయన షేర్ ఆటో నడుపుతాడు. మధ్యలో కూర్చుని టీ తాగాడు.

శనివారం పొద్దున మేం బస్సులో వెళ్లాం. గీత దగ్గర ఒక అమ్మాయి ప్రతి పిల్ల జుట్టు పక్కకు తీసి చెవులు చూస్తోంది. మిషను పెట్టుకుని పరిగెత్తకూడదని అక్కడ నిబంధన. కొందరికి కొంచెం వినబడి కొందరికి అసలు వినబడకపోతే సమానం కాదు కదా. నా కూతురు మిషను తీసి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇన్నేళ్లు పెట్టుకో పెట్టుకో అన్నదాన్ని, గుప్పిట మూసుకుని నిలబడ్డాను. మూసిన గుప్పిట్లో ఆ మిషను కుయ్‌మని అరిచింది. చుట్టూ ఎవరూ తిరిగి చూడలేదు. ఆ అరుపు నాకొక్కదానికే.

పొద్దుటి పరుగులో నెగ్గి పిల్ల ఫైనల్‌కు వచ్చింది. ఫైనల్ మధ్యాహ్నం. అందరూ గీత దగ్గరికి చేరుతుండగా మా ఆయన ఆటో వచ్చి గేటు దగ్గర ఆగింది. వదిన దిగింది, సభకు కట్టుకునే తెల్లచీరలో.

“ఇంజన్ బంద్ చెయ్యకు,” అని తమ్ముడికి చెప్పి, నా కూతుర్ని పేరు పెట్టి పిలుస్తూ గ్రౌండ్‌లోకి నడిచింది. వదినకు పెద్ద గొంతు, చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. అంత గొంతుతో పిలిచినా ఒక్క తలా తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచింది. అటు కబడ్డీ ఆగలేదు, ఇటు వాలీబాల్ ఆగలేదు.

“ఈడ నీ అరుపు నాకొక్కదానికే ఇనవడుతది వదినె. నాకే చెప్పు,” అన్నాను.

“జల్దీ దాన్ని తోల్కరా. అయ్యగారు ఎదురుసూస్తున్నడు. పొద్దున ఉర్కింది సాలదా?”

“సాలదు.”

అప్పుడే కరెంటు పోయింది. ఒక్కో పిల్ల ముందు పెట్టిన లైట్లు ఎర్రగా వెలిగి, పచ్చగా మారితే పరుగు మొదలవుతుంది. అవన్నీ ఆరిపోయాయి.

“సూసినవా? దేవుడే ఆపిండు,” అంది వదిన.

నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది, అబద్ధమెందుకు. కానీ యాప్రాల్ పెద్దాయన జేబులోంచి ఎర్రగుడ్డ తీసి, దులిపి, వరుసలో అందరికీ కనబడేలా ముందుకెళ్లి పక్కగా నిలబడ్డాడు. ఎవరూ కంగారుపడలేదు. అది వాళ్లకు పాత సంగతి. గుడ్డ పైకి లేచింది. నా వెనక ఆటో ఇంజన్ శబ్దం ఆగిపోయింది. మా ఆయన తాళం చెవి తిప్పేశాడు.

గుడ్డ పడింది.

నా కూతురు మూడోది వచ్చింది. గ్రౌండంతా చేతులు పైకెత్తి అరచేతులు ఆడించారు. వాళ్ల చప్పట్లు అవే. మా ఆయనకు ఆ సంగతి తెలియక మామూలు చప్పట్లు కొట్టి, చుట్టూ చూసి, తనూ చేతులెత్తాడు. వదిన చేతులు కట్టుకుని నిలబడింది. పిల్ల ఎగపోస్తూ వచ్చింది. మిషను ఇవ్వబోతే నా గుప్పిట మళ్లీ మూసింది. సైగ కూడా చెయ్యలేదు, నా వేళ్లు ఒక్కొక్కటీ ముడిచింది. సభకు మేం వెళ్లలేదు.

తెల్లారి ఆదివారం. అందరికంటే ముందు చర్చికి వెళ్లాను. కొంగు తడిపి బోర్డు మీది మొదటి వరుస తుడిచేశాను. ఏళ్ల తరబడి రాసిన చోట కదా, మూడుసార్లు రుద్దితే గానీ పోలేదు. కుడివైపు, కృతజ్ఞతల కింద, మొదట నా కూతురి పేరు రాశాను. తర్వాత ‘వంద మీటర్ల పరుగులో మూడోది’ అని రాశాను. వరుస వంకరపోయింది, చదవడానికి ఇబ్బంది లేదు. చాపలు పరవడానికి వచ్చిన వదిన గుమ్మంలో నిలబడి చదివింది. డస్టరు కోసం చుట్టూ చూసింది. అప్పటికే నేను దాన్ని కింద పెట్టుకుని, ముందు వరుసలో, దాని మీద కూర్చుని ఉన్నాను.