చలి రాని లంక

మా అత్తమ్మ చెప్పే ప్రకారం గోదావరి నడుమ ఒక లంక ఉంది. ధనుర్మాసంలో కూడా అక్కడికి చలి రాదు. కారణం కూడా ఆమె దగ్గర సిద్ధంగా ఉంది. ముక్కోటికి ముందురోజు దేవుడు తెప్ప ఎక్కుతాడు కనుక, ఆయనకు చలి పెట్టకుండా నది ముందుగానే వెచ్చబడుతుంది. తెప్ప తిరిగేది భద్రాచలం దగ్గర, లంక ఉన్నది ఎగువన. వేడి ప్రవాహానికి ఎదురు ఎలా వస్తుందని అడిగాను.

"దేవునికి ఎదురేంది, బిడ్డా?" అంది.

ఈ మాటను నవ్వి వదిలేయడానికి వీలు లేకపోయింది. అత్తమ్మకు ఉబ్బసం. కిందటేడు ముక్కోటినాడు ఉత్తర ద్వారం తెరిచే వేళకు ఆమె ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో దవాఖానా మంచం మీద ఉంది. చలికి దూరంగా ఉంచమని డాక్టరు చెప్పాడు. మణుగూరు దగ్గర కాలనీలో మా ఇల్లు. కిటికీలు మూసి, తలుపు సందుల్లో పాత చీరలు కుక్కి చూశాం. ఆయాసం తగ్గలేదు. ఈ ఏడు డిసెంబరు రాగానే ఆమె తన నిర్ణయం ప్రకటించింది. వరద తీశాక ఆమె చెల్లెలు, మరిది ఆ లంకలో గుడిసె వేసుకుని పుచ్చ పండిస్తారు. తాను ముక్కోటి దాకా అక్కడే ఉండి, అటు నుంచి అటే దర్శనానికి వెళుతుంది. మా ఆయన "నువ్వే చూసి చెప్పు" అని తప్పుకున్నాడు.

నీటి నమూనాలు పరీక్షించే ప్రయోగశాలలో నా ఉద్యోగం. చూసి చెప్పడమంటే నాకు కొలిచి చెప్పడమే. పైగా ఆమె వాదనలో కొంత శాస్త్రం లేకపోలేదు. నీటి విశిష్టోష్ణం ఎక్కువ. అది నెమ్మదిగా చల్లబడుతుంది, పక్కనున్న గాలిని కొంతవరకు కాచుకుంటుంది. కనుక దేవుణ్ణి పక్కనపెట్టినా ప్రశ్న మిగిలే ఉంది.

"థర్మామీటరు పెట్టి చూస్త. లంకల మనింటికన్నా చలి ఎక్కువుంటే తిరిగొచ్చుడే, అత్తమ్మా."

"తక్కువుంటే?"

"ముక్కోటి దాక ఉండు."

"మాటంటే మాట. నీ గొట్టం మాట తప్పకుంట చూస్కో."

రాత్రి ఎంత తక్కువకు దిగిందో ఉదయం దాకా గుర్తు నిలిపి ఉంచే థర్మామీటర్లు రెండు సంపాదించాను. రెండింటినీ కరిగే మంచుగడ్డల్లో పెట్టి సరిచూశాను. ఒకటి సున్నాకు బదులు సున్నా పాయింట్ మూడు చూపింది. ఆ తేడా పుస్తకంలో రాసుకున్నాను. ఒకదాన్ని మా ఇంటి వెనక నీడలో వేలాడదీశాను. రెండోదాన్ని, అత్తమ్మను పడవలో లంకకు చేర్చి, గుడిసె బయట గుంజకు నా చేత్తోనే కట్టాను. రోజూ పొద్దున గుర్తు దగ్గరి అంకె ఫోనులో చెప్పమని చిన్నత్తమ్మకు నేర్పి వచ్చాను.

మూడు రోజులూ ఆమె తప్పకుండా ఫోను చేసింది. ఇంటి వెనక పన్నెండు, పన్నెండు, పదమూడు. లంకలో పంతొమ్మిది, ఇరవై, పంతొమ్మిది.

ఏడు డిగ్రీల తేడాను నది ఇవ్వలేదు. సముద్రమే అంత ఇవ్వడానికి ఆలోచిస్తుంది. క్రిస్మస్ సెలవుకు ఇంకో రెండు రోజులు కలుపుకుని లంకకు వెళ్లాను.

గుంజకు తాడు ఉంది, థర్మామీటరు లేదు. అది గుడిసె లోపల, పొయ్యికి రెండు మూరల దూరంలో, అత్తమ్మ మంచం పక్కన వేలాడుతోంది. దానికి మంకీ క్యాప్ తొడిగి ఉంది.

"చిన్నత్తమ్మా, దీన్ని నేను బయట కట్టిపోయిన గద?"

"అవ్, కట్టిపోయినవ్. పొద్దటికల్ల మంచుకు తడిసి ఒణుకుతున్నట్టే ఉన్నది పాపం. మనింటికి వచ్చినదాన్ని గట్ల బయట పండవెడ్తరా ఎవలన్న?"

"మరి టోపీ ఏంది?"

"మీ చిన్నమామది. ఆయనకు ఇంకోటున్నదిలే."

"చలెంతనో తెల్వాలంటే దానికి చలి పెట్టాలె గద!"

"పెట్టీ పెట్టీ అదే పడకేస్తే నువ్వేం చూస్తవ్?"

నేను అత్తమ్మ వైపు తిరిగాను. ఆమె గుమ్మం ముందు ఎండలో కూర్చుని బొబ్బర్లు ఒలుస్తోంది.

"నువ్వన్న చెప్పొద్దా, అత్తమ్మా?"

"నన్నెవలడిగిన్రు?"

మొదటి మూడు కొలతలు కొట్టివేశాను. టోపీ చిన్నమామకు అప్పగించి, థర్మామీటరును మళ్లీ గుంజకు కట్టాను. మూడు రాత్రులు అక్కడే ఉన్నాను. సాయంత్రాలు అవతలి ఒడ్డు చర్చి మైకులో పాటలు వినిపించేవి. తెల్లవారితే నది మీద పొగలు లేచేవి. "చూడు, గోదారి కాగుతున్నది" అనేది అత్తమ్మ. నీటి ఉష్ణోగ్రత తీశాను: ఇరవై ఒకటి. నిజంగానే వెచ్చన. కానీ నీటికీ గుడిసెకూ నడుమ రెండు వందల అడుగుల ఇసుక ఉంది, ఇసుక పగలు సంపాదించిన వేడిని రాత్రికి మిగుల్చుకోదు. గుంజ దగ్గర వరుసగా పదకొండు, పదిన్నర, పదకొండు వచ్చాయి. అవే రోజుల్లో ఇంటి వెనక, మా ఆయన చూసి చెప్పిన ప్రకారం, పన్నెండు, పన్నెండు, పన్నెండున్నర. గుంజకు కట్టినదే ఆ సున్నా పాయింట్ మూడు ఎక్కువ చూపేది; అది తీసేస్తే తేడా ఇంకాస్త పెరిగింది.

"ఏమన్నది నీ గొట్టం?" అని అత్తమ్మే అడిగింది.

"లంకల చలి ఎక్కువున్నది, అత్తమ్మా. డిగ్రీ మీద."

వాదిస్తుందనుకుని నేను సిద్ధం చేసుకున్న జవాబులు వృథా అయ్యాయి. ఆమె లోపలికి వెళ్లి దండెం మీది చీరలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. దర్శనానికని దాచుకున్న పసుపుపచ్చ చీరను సంచీలో అన్నిటికన్నా అడుగున పెట్టింది. చిన్నత్తమ్మ నావైపు చూడడం మానేసింది.

"ఈ పంపు నీ దగ్గర పెట్టు, పడవల నీళ్లు పడ్తయి" అని అత్తమ్మ పీల్చే మందు నా చేతిలో పెట్టింది.

దాని వెనక ఇంకా ఎన్నిసార్లకు మందు మిగిలిందో చూపే అంకె ఉంటుంది. అయిపోకముందే కొత్తది తేవాలి కనుక ప్రతి వారం దాన్ని రాసుకోవడం నాకు అలవాటు. పుస్తకం తీశాను. ఇంట్లో చివరి వారం ఆమె ముప్ఫై ఒక్కసార్లు పీల్చింది. లంకలో ఏడు రోజులకు తొమ్మిది.

పంపు మొరాయించిందేమోనని గాలిలోకి ఒకసారి నొక్కి చూశాను; పనిచేసింది. వేరే మందు వాడావా అని అడిగాను, లేదంది. చిన్నత్తమ్మను విడిగా అడిగాను. ఆమె కూడా లేదంది, కాస్త కోపంగా. కట్టెపొయ్యి పొగకు ఆయాసం పెరగాలి గాని తగ్గకూడదు. ఇక మిగిలినవి: రోడ్డు దుమ్ము లేకపోవడం, మూసిన కిటికీలు లేకపోవడం, పగలంతా ఎండలో కూర్చోవడం, చెల్లెలితో పొద్దస్తమానం మాట్లాడడం. వీటిలో ఏది పనిచేసిందో చెప్పగల ఆధారం నా దగ్గర లేదు. చలి పెరిగినా ఆయాసం తగ్గింది. ఆమెకు చలితోనే ఆయాసం వస్తుందన్న మాటను అత్తమ్మ చెప్పిన దేవుడి మాటకన్నా తేలికగా నమ్మాను. దాన్ని ఒక్కసారి కూడా సరిచూడలేదు.

ఇసుక మీద సిగ్నల్ దొరికే చోటు దాకా నడిచి డాక్టరుకు ఫోను చేసి అంకెలు చదివాను. వెచ్చటి బట్టలు, పంపు దగ్గరుంచి ఉండనివ్వమని, ఆయాసం పెరిగితే వెంటనే తీసుకురమ్మని అన్నాడు. తిరిగి వచ్చేసరికి సంచీ గుమ్మంలో ఉంది.

"సంచి లోపల పెట్టు, అత్తమ్మా."

"ఎందుకు? చలున్నదన్నవ్ గద?"

"ఉన్నది. చలితోనే నీకు దమ్మొస్తదని మాత్రం తేలలె. ఒక్క వారంతోని ఏం చెప్పలేం. ముక్కోటి దాక చూడాలె."

"మాటంటే మాటన్నం."

"లెక్క సరిగ లేని మాట అది. పంపు రోజుకు నాలుగుసార్లు దాటితే మాత్రం పడవెక్కుడే."

ఆమె సంచీని గుమ్మం లోపలికి జరిపింది. "నీ చదువు మంచిదే" అని చెల్లెలి వైపు తిరిగి, "ఎసట్ల ఇంకిన్ని బియ్యం పొయ్" అంది.

ముక్కోటి తెల్లవారుజామున ఆమె పసుపుపచ్చ చీర కట్టుకుని, రెండు స్వెట్టర్లు, చిన్నమామ మంకీ క్యాప్ వేసుకుని, ఉత్తర ద్వారం క్యూలో తన కాళ్ల మీద తాను నిలబడింది. ఏ ఒక్క రోజూ నాలుగు దాటలేదు. నా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"ముక్కోటికి చలుండదని చెప్పిన్నా లేదా?" అంది.

థర్మామీటరు లంకలో గుంజకు వేలాడుతోంది. క్యూ దగ్గర ఎన్ని డిగ్రీలుందో నా దగ్గర కొలత లేదు. కనుక కాదని చెప్పలేకపోయాను.