సుబాబుల్ మొద్దుల మీద సిమెంటు

ఆ రోజుల్లో నాకు సిమెంటు మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో కొత్తగా ఉద్యోగం. పెద్దదేం కాదు, లారీలకు బస్తాలు ఎక్కించే చోట సూపర్‌వైజర్ని (వీధిలో మాత్రం ఇంజనీరునని చెప్పుకునేవాణ్ణి, నేను తప్ప ఎవరూ నమ్మేవారు కాదు). గోడ బీటలిచ్చినా, అరుగు కుంగినా, ఎలుక కన్నం పెట్టినా మా పేటవాళ్ళ మందు ఒక్కటే, నాలుగు తట్టల సిమెంటు. నేను ఆ మతంలో కొత్తగా కలిసినవాణ్ణి కనుక భక్తి మరీ ఎక్కువ.

అప్పుడే నందిగామలో ఉండే మా మేనత్త ఒక సంబంధం తెచ్చింది. వత్సవాయి రైతు గారమ్మాయి. వెళ్ళి చూసొచ్చాం. ఆ అమ్మాయి నా వైపు ఒక్కసారి చూసి కాఫీ గ్లాసు చేతికిచ్చింది, అంతే, మర్నాటి నుంచి నాకు లారీల నంబర్లు కనబడటం మానేశాయి. ఇక వాళ్ళు మా ఇల్లు చూసుకోవటానికి రావడమే మిగిలింది. ఇల్లు బాగానే ఉంది, చిక్కంతా వాకిట్లో. మేకల మేతకని నాన్న ఎప్పుడో వేసిన సుబాబుల్ చెట్లు కొట్టించి కర్ర అమ్మేశారు, మొద్దులు మాత్రం అక్కడే మిగిలాయి. దారినపోయే ప్రతి పెద్దమనిషీ ప్రహరీ మీద మోచేతులు ఆనించి ఒక సలహా పారేసి వెళ్ళేవాడు. ఒకాయన ఉప్పు పొయ్యమన్నాడు, ఇంకొకాయన కిరసనాయిలన్నాడు, మరొకాయన ఫోన్లో వీడియో చూపించాడు (అందులో చెట్టూ మనది కాదు, దేశమూ మనది కాదు). పార పట్టుకుని లోపలికి వచ్చిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

"తవ్విద్దాం రా, పీడా పోద్ది," అన్నారు నాన్న.

"తవ్వటం ఏంటి నాన్నా, ఏ కాలంలో ఉన్నావ్? నేలమట్టానికి కోయించి పైన కాంక్రీటు పోయిస్తా. గాలాడక అయ్యే చస్తయ్."

"సుబాబుల్ రా అది."

"సిమెంటు నాన్నా ఇది," అన్నాను. అలా అన్నప్పటి నా మొహం తలుచుకుంటే ఇప్పటికీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

పోయించాను. సాయంత్రాలు దాని మీద చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు కూడా చేశాను. ఈలోగా వానలు పడ్డాయి. వాళ్ళు వస్తారనగా ఆ పొద్దున చూద్దును కదా, కాంక్రీటు అక్కడక్కడా ఉబ్బి, బీటల్లోంచి పచ్చగా చిగుళ్ళు తొంగిచూస్తున్నాయి. పీకితే ఆకు ఊడింది, కాడ ఊడలేదు. "నీ మొహం తగలెయ్య, జంపఖానా తేరా!" అని అత్తయ్య కేకేసింది. జంపఖానా పరిచి, దాని మీద ప్లాస్టిక్ కుర్చీలు వేయించింది.

అమ్మాయి నాన్నగారు వచ్చి కూర్చున్నారు. కుర్చీ ఊగింది. ఇంకో కుర్చీలోకి మారారు, అదీ ఊగింది. ఆయన వంగి జంపఖానా అంచు ఎత్తి చూశారు.

"ఎవరి తెలివండీ ఇది?"

"మేస్త్రీ చేశాడండీ, పిల్లాడికేం తెలీదు," అంది అత్తయ్య గబుక్కున.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. పెళ్ళి పోతే పోయింది, నా కాంక్రీటు ఇంకొకడి పేరు మీద చెలామణీ కావడమా! "నేనే పోయించానండీ. కంకర ఎంతో, ఇసక ఎంతో కూడా నేనే చెప్పా," అన్నాను.

"సుబాబుల్ నరికితే చావదయ్యా. కొట్టినాక మళ్ళీ చిగురేసేదే మాకు రెండో కోత. దాన్ని సిమెంటు కింద దాచావా?" అని ఆయన నన్ను ఎగాదిగా చూశారు. అయిపోయింది, ఆవిడ ఇంకో ఇంటికి కోడలైపోయింది అనుకున్నాను. ఏడుపొచ్చేసింది. ఆయన నాన్న వైపు తిరిగారు.

"తెలివి మా పిల్లకుందిలెండి బావగారూ, ఇద్దరికీ సరిపోద్ది. తాంబూలాలు ఎప్పుడు పెట్టుకుందాం?"

అందరికన్నా ముందు తలూపింది నేనే. కాపరానికి వచ్చిన కొత్తలోనే ఆవిడ ఆ కాంక్రీటు పగలగొట్టించి మొద్దులు తవ్వించింది (గడ్డపార నా చేతిలోనే ఉంది). ఇప్పుడు ఏ పని చేయబోయినా ముందు ఆవిడ మొహం చూస్తాను, బుద్ధిమంతుణ్ణయ్యానని అందరూ అంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ రోజు నలుగురిలో తనను తెలివితక్కువవాడని తేల్చేస్తే, పళ్ళన్నీ బయటపెట్టి నవ్విన ఆ వెధవ ఉన్నంత సంతోషంగా నేను మళ్ళీ ఎన్నడూ లేను.