పరీక్షల నెల, మంచు నెల, యూనిఫారాల నెల

ఆ ఇంట్లో వేసవి నెలలకు క్యాలెండర్‌లో ఉన్న పేర్లు చెల్లవు. మొదటిది పరీక్షల నెల. నడిమిది మంచు నెల. చివరిది యూనిఫారాల నెల. సముద్రం చూడ్డానికి వీటిలో ఏది మంచిదని ఆ ఇంటిల్లిపాదీ ఏళ్ళ తరబడి తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. నేను ఊళ్ళు పట్టి తిరిగి, కాళ్ళు మొరాయించినప్పుడల్లా వాళ్ళ మేడమీద గదిలో దిగుతుంటాను. మొదటిసారి దిగినప్పుడు పెద్దపిల్ల ఇంకా పాలపళ్ళతో నవ్వేది. ఈ వేసవి చివర్లో ఆ పిల్ల నర్సింగు శిక్షణకని దూరం వెళ్ళి హాస్టల్లో చేరబోతోంది. వెళ్ళేలోగా ఇంట్లో నలుగురూ కలిసి ఒక్కసారి సముద్రం చూడాలని దాని కోరిక. అంతకుమించి అది ఎప్పుడూ ఏమీ అడిగిన పిల్ల కాదు.

ఇంటాయన ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్ ఆపరేటరు. ఇంటికీ ఫ్యాక్టరీకీ మధ్య గోడ ఒక్కటే. ఆ యంత్రం చప్పుడు వంటింటి గిన్నెల్లోనూ, కిటికీ చువ్వల్లోనూ సన్నగా వణుకుతూ ఉంటుంది. కొత్తగా దిగినవాడికి కొన్నాళ్ళు ఆ చప్పుడుకి నిద్ర పట్టదు. ఆ తర్వాత అది లేనిదే పట్టదు. చప్పుడు రవ్వంత మారితే చాలు, ఆయన కంచం ముందు నుంచైనా లేచి చెప్పులు వెతుక్కుంటాడు. ఎండలు ముదిరిన నెలలో ఊరందరికీ ఐసు కావాలి, ఆయనకు ఊపిరాడదు. ఇల్లాలు దర్జీ. బడులు తెరిచే ముందు నెలంతా ముందుగది నీలం గుడ్డతో నిండిపోతుంది, మనిషి అడుగు పెట్టడానికి చోటుండదు. ఇక మొదటి నెల పిల్లల చదువుది. ఇలా మూడు నెలలకీ ముగ్గురు కావలివాళ్ళు.

తిరిగినవాణ్ణి కదా అని ఓసారి నన్నూ అడిగారు. నేను చూసిన ఏ సముద్రం ఒడ్డున ఎవర్నడిగినా, "మీరు పోయిన నెల రావలసింది" అన్నవాళ్ళే. పడవవాడు గాలి సంగతి చెబుతాడు, హోటలువాడు గదుల సంగతి చెబుతాడు, బస్సువాడు రద్దీ సంగతి చెబుతాడు. మంచి నెల ఎప్పుడూ అవతలివాళ్ళ చేతిలోనే ఉంటుంది. ఇదంతా చెప్పేసరికి చిన్నపిల్ల ఆవలించింది.

"తాతగారూ, ఇంతకీ ఏ నెలో చెప్పలేదు."

చివరికి తేల్చింది పిల్లల మేనమామ. ఆయనా అదే ఫ్యాక్టరీలో ఆపరేటరు. పగలు ఒకరు, రాత్రి ఒకరు. ఒకరు సెలవు పెడితే రెండోవాడు రెండు పూటలూ నిలబడాలి, అక్కడి పద్ధతి అది.

"మూడు రోజులు నేను చూసుకుంటా, పోయి రా బావా" అన్నాడు.

"మంచు నెలలోనా?"

"నువ్వు లేకపోతే నీళ్ళు గడ్డకట్టడం మానేస్తాయా? అయినా మీ పిచ్చి గాని, ఉప్పునీళ్ళ కోసం అంతదూరం దేనికి? మన తొట్టినిండా ఉన్నాయి. కాళ్ళు పెట్టుకు కూర్చోండి, పైసా ఖర్చు లేదు."

ఐసు డబ్బాలు ముంచి ఉంచేది ఉప్పునీళ్ళ తొట్టిలోనే. అందులో కాలు పెడితే మళ్ళీ తీసేది కాలు కాదు, కట్టెముక్క.

"నీ చెల్లెల్ని ముందు కూర్చోబెడతాలే" అన్నాడు ఇంటాయన.

"ఆఁ, ఆ తొట్టి తట్టుకోవద్దూ" అన్నాడు మేనమామ. ఇల్లాలు కత్తెర చూపించింది.

ప్రయాణం రోజు పొద్దున్నే బ్యాగులు గుమ్మంలోకి చేరాయి. పెద్దపిల్ల సముద్రస్నానానికని కొనుక్కున్న పసుపుపచ్చ తువ్వాలు ముందే మడిచి పైన పెట్టుకుంది. చిన్నది కొత్త గౌనుతో వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతోంది. సముద్రం వైపు పోయే బస్సు రోజుకొక్కటే. అది మలుపు దగ్గరకొచ్చే వేళయింది. సాగనంపుదామని నేనూ మెట్లు దిగాను.

అప్పుడు గిన్నెల వణుకు ఆగిపోయింది.

ఆయన బ్యాగు జిప్పు లాగుతూ, పడినదాన్నే మళ్ళీ లాగుతున్నాడు. ఇల్లాలు ఒక్క క్షణం గోడవైపు చూసింది. ప్రయాణపు చీరతోనే వెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చుని, సూదికింద ఏ గుడ్డా లేకుండా గబగబా తొక్కడం మొదలుపెట్టింది. ఆగిన చప్పుడు చోట ఇల్లంతా ఆ టకటక నిండింది. ఆమె మొహం ఎత్తలేదు.

"బయల్దేరండి, బస్సు దాటిపోతుంది" అంది తొక్కుతూనే.

ఆయన రెండు బ్యాగులూ ఎత్తాడు. గుమ్మం దాటాడు. దాటి, అక్కడే ఆగిపోయాడు. ఆగిన కంప్రెసరును మళ్ళీ నడిపించాలంటే ఒకడు పైన వాల్వు తిప్పుతుండగా మరొకడు కింద గేజీలో ఒత్తిడి చూసి కేక వెయ్యాలి. ఒంటిచేత్తో అయ్యేది కాదు. లోపలున్నది అమ్మోనియా, బయటికొస్తే ఊపిరి తీసే వాయువు. ఆ సంగతి ఇంట్లో చిన్నదానికి కూడా తెలుసు. పిల్లల మేనమామ ఒక్కడే ఎలాగో సర్దుకుందామని దిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

పెద్దపిల్ల వెళ్ళి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. మిషను ఆగింది.

"నాన్నా, మోటారు ఆగింది" అంది.

"విన్నానమ్మా."

"మావయ్య ఒక్కడే ఉన్నాడు."

"మీరు ముగ్గురూ వెళ్ళండి. రేపు నేను వెనకాల వస్తా."

"నలుగురం వెళ్దామనే కదా" అంది. నిష్ఠూరం లేదు ఆ మాటలో. ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేదేమో. బ్యాగులు దించి, బస్సుకోసం వేసుకున్న బూట్లతోనే గోడ పక్క సందులోకి పరుగెత్తాడు. కాసేపటికి మలుపులో బస్సు హారను వినిపించింది. మేమందరం దాన్ని చివరిదాకా విన్నాం.

మధ్యాహ్నానికి ఆయన మసి చేతులతో తిరిగొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. బేరింగు పోయిందట. పాతదాన్నే ఎలాగో కూర్చోబెట్టారు. కొత్తది వచ్చేదాకా ఇద్దరూ దగ్గరుండి చూసుకోవాలి. అది వచ్చేసరికి యూనిఫారాల నెల. ఆ నెల మొదట్లోనే పెద్దపిల్ల హాస్టలు.

"పిల్ల సెలవులకి వస్తుందిగా" అన్నాడు నావైపు చూసి.

ఏ నెలలో అని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఆయన ఇంటికి రాకముందే గోడవతల యంత్రం అందుకుంది. మొదట దగ్గినట్టు, తర్వాత నిలకడగా. గిన్నెలు మళ్ళీ వణికాయి. పొద్దుటి నుంచీ మూతి ముడుచుకుని కూర్చున్న చిన్నది ఆ చప్పుడు చెవిన పడగానే కొత్త గౌనుతోనే బ్యాగు మీద తల ఆన్చి నిద్రపోయింది. ఇల్లాలు చీర మార్చుకుని నీలం గుడ్డ పరిచింది.

పెద్దపిల్ల చెల్లెలి తల కదలకుండా రెండో బ్యాగు విప్పి, ఎవరి బట్టలు వాళ్ళ అరలో సర్దింది. పసుపుపచ్చ తువ్వాలు మాత్రం తన హాస్టలు పెట్టెలో పెట్టుకుంది.

"అక్కడ ఎలాగూ ఒకటి కావాలన్నారు నాన్నా" అంది.

ఆయన తలాడించాడు. కాళ్ళకున్న బూట్లు అప్పటికీ విప్పలేదు.