మొక్కుకో కారణం

మల్కాపురంలో రోజూ బస్సెక్కే ధనశ్రీ జుట్టు చెవుల దాకా ఉంగరాలు తిరిగి, అక్కణ్ణుంచి చీపురుపుల్లల్లా నిలువుగా వేలాడుతుంది. పార్లర్ మందులతో సాపు చేయించడం మానేసి ఏడాదైంది. నడుం దాకా ఉన్న పాత జుట్టు కత్తిరించడానికి మనసొప్పక, రెండు రకాల్నీ కలిపి క్లిప్పులో కుక్కుతుంది. బస్సు అద్దంలో చూసుకుని మళ్ళీ కుక్కుతుంది. అయినా ఆమె బాధ జుట్టు కాదు, తోటికోడలు ఆశాజ్యోతి. ఇద్దరూ ఒకే పార్లర్‌లో జుట్టు సాపు చేయించుకున్నవాళ్ళే. మొగుడి కామెర్లు తగ్గాయని ఆశాజ్యోతి సింహాచలం అప్పన్నకి తలనీలాలిచ్చింది. ఇప్పుడు తలనిండా బుల్లి ఉంగరాలే! ఆదివారం భోజనాల దగ్గర అత్తగారు జోగమ్మ వాటిని నిమిరి, "అప్పన్న ఎంత బాగిచ్చినాడే!" అనేసరికి ధనశ్రీ చేపముక్కని పక్కకి నెట్టేసింది. తనకీ అలాంటి తలే కావాలి, కానీ మొక్కు లేకుండా గుండు కొట్టించుకుంటే పిచ్చంటారు మరి.

ఆ సాయంత్రం మొగుడు సింహాద్రి పక్కన చేరి, ఎన్నడూ లేనంత ప్రేమగా అంది. "ఏవండీ, నడుం నొప్పన్నారు కదా. అప్పన్నకి నాను గుండు మొక్కుకుంటాను."

"ఎందుకే? నిన్ననే తగ్గిపోనాది."

"తగ్గిపోనాదా!" ధనశ్రీ నీరుగారిపోయింది. "పోనీ, జొరమేటైనా..." అంటూ అతని నుదుటి మీద చెయ్యి వేసి, చాలాసేపు ఆశగా అలాగే ఉంచింది. నుదురు చల్లగా ఉంది.